కుట్టు మిషను స్టాండ్ల పునర్వినియోగం

కాలితో తొక్కి నడిపే పాత కుట్టు మిషను నుండి ఇనుప స్టాండును వేరుచేసి, దానిపై కొత్త పలక అమర్చి, బల్లగా గాని మరొక గృహోపకరణంగా గాని మార్చుకోవడాన్ని కుట్టు మిషను స్టాండ్ల పునర్వినియోగం అనవచ్చు. చదువుకునే బల్ల, చేతులు కడుక్కునే బేసినుకు ఆధారం, మొక్కల కుండీలు పెట్టుకునే బల్ల వంటివి ఈ విధంగా తయారవుతాయి. పోత ఇనుముతో చేసిన స్టాండ్లు, మిషను పనిచేయడం మానిన తరువాత కూడా దశాబ్దాల తరబడి చెక్కుచెదరకుండా ఉండడమే ఈ పద్ధతికి మూలకారణం.

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో వలె సొంత ఇళ్ళ కాలనీలు క్రమంగా అపార్టుమెంట్లుగా మారిన చోట్ల, ఒక తరం వాడిన మిషను తరువాతి తరానికి స్థలం ఆక్రమించే వస్తువుగా మిగులుతుంది. దానిని పాత ఇనుము కింద అమ్మడమా, బల్లగా మార్చుకోవడమా, బాగుచేయించి కుట్టుపని తెలిసినవారికి ఇవ్వడమా అన్నది ఆ కుటుంబం తేల్చుకోవలసిన విషయం. తొక్కుడు మిషను అలంకార వస్తువు కాకముందు ఒక జీవనోపాధి సాధనం. కాబట్టి మార్పిడికి పూనుకునే ముందు మిషనులో ఇంకా ప్రాణం ఉన్నదా లేదా అని పరిశీలించడం ఈ పనిలో మొదటి మెట్టు.

వాడుకలోని పేర్లు

కాలితో నడిపే దానిని కాలి మిషను, తొక్కుడు మిషను అని, చేతితో తిప్పేదానిని చేతి మిషను అని అంటారు. సూది, బాబిన్, షటిల్ మొదలైనవి అమర్చి ఉండే పై యంత్రభాగాన్ని హెడ్డు అని, దానిని బిగించిన చెక్కను బల్ల అని, కింది ఇనుప చట్రాన్ని స్టాండు అని, పాదాలు ఉంచి తొక్కే పలకను పెడలు అని పిలుస్తారు. ఈ వ్యాసంలో స్టాండు అన్నప్పుడు కాళ్ళు, అడ్డపట్టీలు, పెడలు, పెద్ద చక్రం అన్నీ కలిసిన భాగమని గ్రహించాలి.

చరిత్ర

1790లో ఇంగ్లండుకు చెందిన థామస్ సెయింట్ కుట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. 1830లో ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే మరొక రకం యంత్రానికి పేటెంటు పొంది, సైనిక దుస్తులు కుట్టడానికి కార్ఖానా నెలకొల్పాడు. తమ బతుకుతెరువు పోతుందని భయపడిన దర్జీలు ఆ యంత్రాలను ధ్వంసం చేశారు. 1846లో అమెరికాకు చెందిన ఎలియాస్ హోవే, పై దారమూ కింది దారమూ ఒకదానితో ఒకటి పెనవేసుకునే లాక్‌స్టిచ్ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1851లో ఐజాక్ మెరిట్ సింగర్ తన మిషనుకు పేటెంటు పొందాడు. సింగర్ తొలి మిషన్లను రవాణా చేసిన చెక్కపెట్టెనే మిషనుకు బల్లగా నిలబెట్టి, దానికి పెడలు అమర్చి వాడేవారు. ఒక పనికోసం చేసిన వస్తువును మరొక పనికి వాడుకోవడం ఈ మిషను చరిత్రకు కొత్త కాదు. పూలతీగల నగిషీతో, మధ్యలో కంపెనీ పేరుతో కనిపించే పోత ఇనుప స్టాండ్లు తరువాతి కాలంలో వచ్చాయి.

1856 నుండి సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిలో మిషన్లను అమ్మడంతో అవి మధ్యతరగతి ఇళ్ళకు చేరాయి. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో 1885లో ప్రారంభమైన సింగర్ కర్మాగారం 1980లో మూతపడే వరకు ప్రపంచమంతటికీ మిషన్లను ఎగుమతి చేసింది. భారతదేశంలో పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలకే సింగర్ మిషన్లు పట్టణాలలో కనబడసాగాయి. యంత్రాల పట్ల విమర్శనాత్మక దృష్టి గల మహాత్మా గాంధీ కూడా 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనును ఉపయోగకరమైనదిగా పేర్కొని మినహాయింపు నిచ్చాడు. మనిషిని పక్కకు నెట్టే యంత్రానికీ, మనిషి శ్రమను తేలిక చేసే యంత్రానికీ గల భేదాన్ని ఆయన ఈ ఉదాహరణతో చూపాడు.

1935లో కలకత్తాలో ప్రారంభమైన జై ఇంజనీరింగ్ వర్క్స్ తయారుచేసిన ఉషా మిషన్లు స్వదేశీ మిషన్లలో ప్రసిద్ధి పొందాయి. పంజాబులోని లుధియానా కుట్టు మిషన్లకు, వాటి విడిభాగాలకు పెద్ద కేంద్రంగా ఎదిగింది. పాత మిషన్లకు నేటికీ విడిభాగాలు దొరకడానికి ఈ దేశీయ పరిశ్రమే ముఖ్య కారణం.

నిర్మాణం

స్టాండుకు ఇరువైపులా రెండు పోత ఇనుప కాళ్ళ చట్రాలు ఉంటాయి. వీటిని వెనుకవైపున ఒక అడ్డచట్రం కలుపుతుంది. కింద రెండు మొనల మీద ఊగే పెడలు, కుడివైపున పెద్ద చక్రం, పెడలునూ చక్రాన్నీ కలిపే కడ్డీ ఉంటాయి. పాదాల ఒత్తిడితో పెడలు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. కడ్డీ ఆ ఊపును చక్రపు భ్రమణంగా మారుస్తుంది. చక్రం బరువైనది కాబట్టి తొక్కు తొక్కుకూ మధ్య వేగం తగ్గకుండా నిలుపుతుంది. తోలు బెల్టు ద్వారా ఆ భ్రమణం హెడ్డు పైనున్న చిన్న చక్రానికి చేరుతుంది. పెద్ద చక్రం ఒకసారి తిరిగే లోపల చిన్న చక్రం అనేకసార్లు తిరుగుతుంది కనుక, ఒక్క తొక్కుకు సూది నాలుగైదు కుట్లు వేయగలుగుతుంది. ఊగే చలనం భ్రమణ చలనంగా మారడాన్ని విద్యార్థులకు చూపడానికి ఇంతకంటె సులభమైన పరికరం ఇంటిలో మరొకటి దొరకదు.

పాత స్టాండ్లు పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుండి 4 శాతం వరకు ఉంటుంది. అందువలన అది గట్టిగా, బరువును మోయగలిగేదిగా ఉంటుంది గాని పెళుసుగా కూడా ఉంటుంది. ఎత్తు నుండి పడితే వంగదు, విరుగుతుంది. తరువాతి కాలపు స్టాండ్లలో తేలికైన ఉక్కు రేకు, కోణపు కడ్డీలతో చేసినవి కూడా ఉన్నాయి. బల్లగా మార్చడానికి బరువైన పోత ఇనుప స్టాండే అనుకూలం.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతం

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు భూమిలో ఇళ్ళ స్థలాలు ఏర్పడడంతో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది. ఎల్.బి.నగర్ మాజీ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద ఏర్పడిన ప్రాంతం. ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. విజయవాడ వెళ్ళే జాతీయ రహదారిపై ఉన్న ఈ రెండు ప్రాంతాలలో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు మొదలైన జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైన తరువాత మధ్యనున్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వంటి స్టేషన్ల పరిసరాలు మరింత రద్దీగా మారాయి.

బట్టల దుకాణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం కావడం వలన ఇక్కడ కుట్టుపనికి నిత్యం గిరాకీ ఉంటుంది. జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం, కొలతలు సరిచేయడం వంటి పనులు దుకాణాలలోనే కాక ఇళ్ళలో కూడా జరుగుతాయి. తెలంగాణలో మేర కులస్థులు సంప్రదాయంగా కుట్టుపని చేసేవారు. ముస్లిం దర్జీలు కూడా ఈ వృత్తిలో అనాదిగా ఉన్నారు. ఇంటి పట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే స్త్రీలకు కుట్టు మిషను తొలి ఆసరా అయింది. ఆడపిల్ల పెళ్ళికి మిషను కొనిపెట్టిన కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. అందుచేత పాత మిషను వెనుక ఒక ఇల్లాలి సంపాదన చరిత్ర ఉండడం సాధారణం.

నగరంలో విడి స్టాండ్లు పాత ఇనుప సామాను కొట్లలోను, పాత వస్తువుల సంతలలోను లభిస్తాయి. గురువారం నాడు జరిగే జుమేరాత్ బజారు, ఆదివారం నాటి ఎర్రగడ్డ సంత పాత వస్తువులకు పేరుపొందినవి.

మార్పిడికి ముందు చేయవలసిన పరిశీలన

మూలనపడిన మిషను పాడైపోయిందని చాలామంది భావిస్తారు. అనేక సందర్భాలలో నూనె ఎండి గడ్డకట్టడం, బెల్టు సాగడం, బాబిన్ కేసు పోవడం వంటి చిన్న లోపాలే ఉంటాయి. కింది పరిశీలన ఎవరైనా చేయవచ్చు.

1. బెల్టు తీసివేసి హెడ్డు చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పాలి. సూది పైకీ కిందికీ కదిలితే యంత్రం బతికే ఉన్నట్లు లెక్క.
2. చక్రం కదలకపోతే బలవంతం చేయరాదు. నూనె రంధ్రాలలో కొద్దిగా కిరోసిన్ వేసి ఒక రోజు ఉంచి, తిరిగి ప్రయత్నించాలి. కదిలిన తరువాత కిరోసిన్ తుడిచి మిషను నూనె వేయాలి. కొబ్బరి నూనె వాడరాదు. అది కాలక్రమేణా జిగటగా మారి తిరిగి పట్టివేస్తుంది.
3. షటిల్, బాబిన్ కేసు, సూది, బెల్టు ఉన్నవో లేవో చూడాలి. ఇవి లేకపోయినంత మాత్రాన మిషను పనికిరానిదైపోదు, కొత్తవి కొని అమర్చవచ్చు.
4. హెడ్డు ఇనుప శరీరంలో పగులు ఉన్నా, ప్రధాన ఇరుసు వంగినా బాగుచేయడం కష్టం. అప్పుడు మాత్రమే దానిని ఇక పనికిరానిదిగా భావించాలి.

మిషను పనిచేస్తూ ఉండి, ఇంటిలో కుట్టేవారు లేకపోతే రెండు మార్గాలున్నాయి. మొదటిది, మిషనును యథాతథంగా కుట్టుపని నేర్చుకునేవారికి ఇవ్వడం. తొక్కుడు మిషనుకు కరెంటు అవసరం లేదు. కావాలంటే అదే స్టాండుకు చిన్న మోటారు బిగించుకోవచ్చు. రెండవది, హెడ్డుకు చేతిపిడి అమర్చి చేతి మిషనుగా మార్చి ఇవ్వడం. ఇందుకు హెడ్డు చక్రం, పిడి బిగించే చోటు అనుకూలంగా ఉన్నాయో లేదో మిషన్లు బాగుచేసేవారికి చూపించి తెలుసుకోవాలి. ఈ రెండవ పద్ధతిలో పనిముట్టు పనిలోనే ఉంటుంది, స్టాండు బల్లగా ఇంటిలోనే మిగులుతుంది.

కుట్టుపని చేసేవారికి ప్రభుత్వ సహాయం కూడా కలదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్ల కోసం రూ.15,000 వరకు సహాయం ఇవ్వడం ఆ పథకంలోని అంశం. ఒక పనిముట్టు విలువ ఎంతటిదో ఈ మొత్తమే సూచిస్తుంది.

తయారీ విధానం

విడదీయడం: ముందుగా మిషనును అన్ని వైపుల నుండి ఫోటోలు తీసుకోవాలి. హెడ్డు పైనున్న అంకెలను రాసి ఉంచుకోవాలి. 1900 నుండి సింగర్ మిషన్లపై అక్షరాలతో మొదలయ్యే వరుస సంఖ్యలున్నాయి. వాటి ద్వారా మిషను తయారైన సంవత్సరం, కర్మాగారం తెలుసుకోవచ్చు. ఈ సంఖ్య హెడ్డు మీదనే ఉంటుంది. అందువలన హెడ్డూ స్టాండూ విడిపోయాక స్టాండు వయస్సు చెప్పడం కష్టమవుతుంది. మరలకు ముందురోజు నూనె పెట్టి మరునాడు విప్పితే విరగవు. విప్పిన మరలను, కడ్డీని ఒక డబ్బాలో భద్రపరచాలి.

శుభ్రపరచడం: తుప్పును తీగ బ్రష్షుతో తీయవచ్చు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నందున పొడిగా గరుకు కాగితంతో రుద్దరాదు. తడిపి రుద్ది, ముక్కుకు మాస్కు ధరించి, ఆరుబయట పిల్లలకు దూరంగా ఈ పని చేయాలి. ఇళ్ళకు వాడే రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదనే నియమం మన దేశంలో 2016లో వెలువడి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. తుప్పు తీసిన ఇనుమును ఎక్కువసేపు వదలివేయక, వెంటనే తుప్పునిరోధక ప్రైమరు, దానిపై ఎనామెల్ రంగు వేయాలి. మొదటినాటి నల్లని పూత, బంగారురంగు అక్షరాలు బాగుంటే వాటిని తీయకుండా మెత్తని గుడ్డతో తుడిచి ఉంచడమే మేలు.

మరమ్మతు: విరిగిన పోత ఇనుమును సాధారణ ఉక్కు కడ్డీతో వెల్డింగు చేస్తే ఆ పక్కనే మళ్ళీ పగులుతుంది. నికెల్ కడ్డీతో చేసే వెల్డింగు, ఇత్తడి అతుకు, లేదా ఉక్కు పట్టీ వేసి బోల్టులతో బిగించడం సరైన పద్ధతులు.

పలక బిగింపు: స్టాండు పైభాగాన చెక్కబల్లను బిగించడానికి ఉద్దేశించిన రంధ్రాలు ఉంటాయి. కొత్త పలకను ఆ రంధ్రాల ద్వారానే బిగించాలి. స్టాండును కోయడం, కొత్త రంధ్రాలు చేయడం మానుకోవాలి. అలా చేస్తే ఎప్పుడైనా దానిపై తిరిగి మిషనును అమర్చుకునే వీలుంటుంది.

పలక ఎంపిక

పాత మిషను చెక్కబల్ల బాగుంటే దానినే ఉంచి, హెడ్డు తీసిన ఖాళీని అదే మందం గల చెక్కముక్కతో పూరించవచ్చు. కొత్త పలక కావలసినప్పుడు బరువును గమనించాలి. 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల పలకలను పోల్చి చూస్తే:

* 25 మి.మీ. మందం గల టేకు పలక సుమారు 6 నుండి 7 కిలోలు ఉంటుంది.
* 20 మి.మీ. మందం గల గ్రానైటు పలక సుమారు 22 కిలోలు ఉంటుంది.

కడప బండ, తాండూరు బండ కూడా ఇంచుమించు గ్రానైటు వలెనే బరువైనవి. పోత ఇనుప కాళ్ళు ఈ బరువును మోయగలవు గాని, బరువంతా పైనే ఉండడం వలన బల్ల ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. పలక కాళ్ళ కంటె అన్ని వైపులా మరీ ఎక్కువగా బయటకు రాకుండా చూడాలి. రాతి పలక కింద ప్లైవుడ్ పలక వేసి, దానిని కాళ్ళకు మరలతో బిగించి, రాతిని పైన అతికించడం క్షేమకరం.

నీరు చేరే ఇళ్ళలో పొట్టు అట్టలతో చేసిన బోర్డులు తగవు. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు సరూర్‌నగర్ చెరువు పరిసరాలలోను, ఎల్.బి.నగర్ ప్రాంతంలోను అనేక కాలనీలు నీట మునిగాయి. అటువంటి తడికి ఆ బోర్డులు ఉబ్బి పొరలుగా విడిపోతాయి. ఇనుప కాళ్ళను మాత్రం తుడిచి ఆరబెట్టి, తుప్పు పట్టిన చోట్ల తిరిగి రంగు వేస్తే సరిపోతుంది.

ఉపయోగాలు

* చదువుకునే బల్ల: మిషను స్టాండుపై పలక అమర్చితే ఎత్తు సుమారు 75 సెం.మీ. అవుతుంది. ఇది కుర్చీలో కూర్చుని రాసుకోవడానికి సరిపోయే ఎత్తు. అయితే పెడలు ఉన్నచోట కాళ్ళు చాపుకోవడానికి వీలుండదు గనుక పెడలును పాదపీఠంగా వాడుకోవచ్చు.
* బేసిను బల్ల: చేతులు కడుక్కునే బేసినును పైన అమర్చి, గొట్టాన్ని అడ్డచట్రం వెనుకగా దింపుతారు. నిత్యం తడి తగిలే చోటు కావడం వలన రంగును అప్పుడప్పుడు తిరిగి వేయవలసి ఉంటుంది.
* కుండీల బల్ల: బాల్కనీలో మొక్కలు పెట్టుకోవడానికి రాతి పలక అనుకూలం.
* టీవీ బల్ల, వరండా బల్ల: పలక పొడవు ఎక్కువైతే రెండు స్టాండ్లను జోడించాలి.

భద్రత

పెడలు, పెద్ద చక్రం స్వేచ్ఛగా కదులుతుంటే చిన్నపిల్లల వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది. వాటిని కలిపే కడ్డీని తీసివేసి, పెడలును తీగతో గాని బోల్టుతో గాని కదలకుండా కట్టాలి. స్టాండు కింద చిన్న చక్రాలు ఉంటే వాటిని తీసి రబ్బరు తొడుగులు వేయాలి. అవి నేలపై గీతలు పడకుండానూ, బల్ల జారకుండానూ కాపాడతాయి. స్టాండును ఒక్కరే ఎత్తరాదు. ఇద్దరు కలిసి కాళ్ళ చట్రాలను పట్టుకుని ఎత్తాలి. అడ్డచట్రాన్ని గాని చక్రాన్ని గాని పట్టుకుని లాగరాదు.

పర్యావరణ దృష్టి

పాత స్టాండును బల్లగా మార్చడం వలన చెత్తకుప్ప తగ్గుతుందని సాధారణంగా చెబుతారు. ఇది పూర్తిగా సరి కాదు. పాత ఇనుము చెత్తకుప్పకు చేరదు. దానిని కొనేవారు ప్రతి వీధికీ వస్తారు, అది కరిగించబడి మళ్ళీ ఇనుముగానే వాడుకలోకి వస్తుంది. పునర్వినియోగం వలన నిజంగా ఆదా అయ్యేది దానిని రవాణా చేసి, 1,150 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో కరిగించడానికి పట్టే ఇంధనం, కొత్త బల్లకు కావలసిన ముడిసరుకు. పోత పోసిన నగిషీ పనితనం కూడా నిలుస్తుంది. ఒకసారి కరిగిన తరువాత ఆ రూపం తిరిగి రాదు.

భిన్నాభిప్రాయాలు

పాత మిషన్ల అలంకార ఉపయోగంపై రెండు ధోరణులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆల్‌సెయింట్స్ అనే బ్రిటిష్ దుస్తుల సంస్థ తన దుకాణాల అద్దాల కిటికీలలో పాత కుట్టు మిషన్లను వరుసలుగా పేర్చి ప్రదర్శించి ప్రసిద్ధి పొందింది. అదే దేశంలో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్, వర్క్‌ఎయిడ్ వంటి స్వచ్ఛంద సంస్థలు పాత మిషన్లను సేకరించి, బాగుచేసి, ఆఫ్రికా దేశాలలోని చేతిపనివారికి పంపుతూ వచ్చాయి. ఒకే వస్తువు ఒకచోట అలంకారం, మరొకచోట అన్నం.

స్టాండును బల్లగా మార్చడం తప్పనీ, హెడ్డుతో సహా అట్లే దాచి ఉంచాలనీ వాదించేవారున్నారు. ఎవరూ తుడవక, నూనె పెట్టక బాల్కనీలో వర్షానికి తడుస్తున్న మిషను దాచినట్లు కాదు. అట్లని పనిచేసే హెడ్డును పాత ఇనుముకు వేసి కాళ్ళను మాత్రం ముచ్చటపడి ఉంచుకోవడం పనిముట్టును పారవేసి దాని నీడను దాచుకోవడమే అవుతుంది. బతికి ఉన్న హెడ్డును పనిచేసే చేతికి అందించి, స్టాండును కోయకుండా, విరగ్గొట్టకుండా బల్లగా వాడుకోవడం ఈ రెండింటికీ మధ్యేమార్గం. ఆ బల్ల అడుగున మిషను సంఖ్యనూ, దానిపై కుట్టినవారి పేరునూ ఒక కాగితంపై రాసి అతికిస్తే, తరువాతి తరంవారికి ఆ ఇనుప కాళ్ళ చరిత్ర తెలుస్తుంది.